చెంచా పట్టిన చెయ్యి

ఏప్రిల్ 6, సోమవారం

కొత్త హెల్పర్ వచ్చింది. పేరు మకితా. నలభై దాటి ఉంటాయి. చాలా ఏళ్లు ఏదో హాస్పిటల్లో ఆయాగా చేసిందట. ఆ మాట వినగానే సగం నచ్చలేదు. హాస్పిటల్లో పనిచేసినవాళ్లకి ఎదుటి మనిషి కన్నా ఎదుటి మనిషి బీపీ ముందు కనిపిస్తుంది.

రూలు చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నా మాట మొదటి రోజు ఎవరికీ అర్థం కాదు. పుట్టినప్పటి నుంచీ నా నోరు, మెడ, చేతులు తలో దిక్కుకీ లాగుతాయి. విని విని అలవాటు పడాలి, అంతే. రూలు ఏమిటంటే, ఈ ఇంట్లో హెల్పర్ అంటే నా చేతులు. చేతులు సలహాలివ్వవు. చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు. నా మాట ఇంకొకరికి చేరవెయ్యాల్సి వస్తే ఉన్నదున్నట్టు చేరవెయ్యాలి.

ఈ రూలు నేను ఊరికే పెట్టుకోలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో నేనూ దొయీ కొండ మీది వికలాంగుల హోమ్ నుంచి బయటపడి ఒసాకా వచ్చేశాం. ఆ హోమ్‌లో మేం ఎప్పుడు తినాలో, ఎప్పుడు దొడ్డికి వెళ్లాలో, జుట్టు ఎంత కురచగా ఉండాలో వాళ్లే చెప్పేవాళ్లు. దొయి ఇప్పుడు మాలాంటి వాళ్ల ఇళ్లకి హెల్పర్లని పంపే ఆఫీసు నడుపుతున్నాడు. వీల్‌చెయిర్లో కూర్చుని, నాలాంటి వంకర నోటితోనే, ఊళ్లో అందర్నీ తిడుతూ నడుపుతున్నాడు.

మకితా అన్నిటికీ "సరేనండి, సెనో గారూ" అంది. అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లని నేను నమ్మను.

ఇది ఎడమ కాలి బొటనవేలితో కొడుతున్నాను. నేల మీద కీబోర్డు. పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకొకరి చేత చేయించుకోకుండా నేను చేసుకునే పని ఇదొక్కటే.

ఏప్రిల్ 10, శుక్రవారం

శుక్ర, శనివారాలు పాత హెల్పర్ హిరాగా వంతు, మిగతా రోజులు మకితావి. ఏళ్ల తరబడి వస్తోంది. దీని నోరు మూతపడదు. తన మొగుడు బాత్‌రూమ్‌లో జారిపడ్డ కథ మళ్లీ చెప్పింది. పులిసిన సోయా ముద్దతో పెట్టే మిసో చారు బాగుంది. మధ్యలో దగ్గు పట్టుకుని కళ్ల వెంట నీళ్లొచ్చాయి. డాక్టరుకి చూపించుకోవచ్చు కదా అంది. చేతులు మాట్లాడవు అన్నాను. నవ్వేసింది.

ఏప్రిల్ 14, మంగళవారం

చారు చప్పగా ఉంది.

ఏప్రిల్ 16, గురువారం

ఇవాళ కూడా. మిసో ఎన్ని చెంచాలో నేనే చెప్పాను, అన్నే వేసింది. అయినా రుచి లేదు. ఉప్పు తక్కువైనట్టూ కాదు. నాలుక మీద బద్ధకంగా పాకుతోంది.

డబ్బాలో మిసో మార్చిందా? ఉప్పు తక్కువ మిసో అని పోయినసారి డాక్టరు గొణిగాడు. ఈవిడ హాస్పిటల్ మనిషి. చెప్పకుండా మార్చి ఉంటుంది.

ఇంకోటి. తినిపిస్తున్నంతసేపూ నా గొంతు కేసి చూస్తుంది. ముఖం కాదు, గొంతు. నేను మింగితే ఆమె కూడా మింగుతుంది. ఆమె నోట్లో ఏమీ ఉండదు. నా భోజనం ఇద్దరం చేస్తున్నట్టుంది. తిండి దిగడం లేదు.

ఏప్రిల్ 17, శుక్రవారం

హిరాగా చేత డబ్బా తెరిపించాను. ఎప్పుడూ వాడేదే. రుచి చూడమంటే చూసి, నాలుక మండిపోయిందంది. ఆ మిసోతోనే చారు పెట్టింది. బ్రహ్మాండంగా ఉంది. దగ్గూ వచ్చింది.

డబ్బా అదే, గిన్నె అదే, చెంచా అదే. మారింది చెయ్యి ఒకటే.

ఏప్రిల్ 21, మంగళవారం

మకితాకి పరీక్ష పెట్టాను. చేతి సంగతి తర్వాత, ముందు నోరు చూద్దామనుకున్నాను. బయట నా మాటలు ఆమె నోట్లోంచే కదా వెళ్తాయి. అక్కడ ఎంత కోస్తోందో, ఎంత పంచదార కలుపుతోందో నాకేం తెలుసు?

ట్రాం స్టాపు దగ్గర నిషియో ఊరగాయల కొట్టుకి వెళ్లాం. నిషియో భార్య పోయిన చలికాలంలోనే చనిపోయింది. ఊరిన ముల్లంగి ఇమ్మని చెప్పి, ఆ వెనకే ఇంకో మాట అన్నాను. పచ్చి మాట. ఏ హెల్పరూ దాన్ని అలాగే అప్పజెప్పదని నాకు తెలుసు. ఏదో మెత్తగా మార్చి చెబుతుంది, నేను పట్టుకుంటాను, ఇదీ లెక్క.

మకితా నిషియో ముఖంలోకి చూస్తూ, గొంతు పెంచకుండా తగ్గించకుండా అప్పజెప్పింది. "మీ ఆవిడ పోయాక మీ ఊరగాయలు చచ్చుబడ్డాయి అంటున్నారు."

నిషియో ముల్లంగి కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వెయ్యబోతే అది రెండుసార్లు జారింది.

వీధి మలుపు తిరిగాక మకితా మీద విరుచుకుపడ్డాను. ఆ మనిషి ముఖం చూసి కూడా ఎలా చెప్పావన్నాను. "ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కదండీ" అంది. వెటకారమో, అమాయకత్వమో తేల్చుకోలేకపోయాను.

వెనక్కి వెళ్లాం. క్షమించమన్నాను, అదీ ఆమె నోటితోనే. నిషియో ఆమెని దాటి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇన్నేళ్ల నుంచీ వింటున్నానమ్మా, మీ మాట నాకు సగం తెలుస్తుంది. ఈసారి తిట్టాలంటే మీరే తిట్టండి. మధ్యలో ఆవిడెందుకు?"

తల దించుకోవాలనిపించింది. నా మెడకి అది కూడా రాదు. పక్కకి లాగేసింది. ఆయన దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో ఏమో.

ఏప్రిల్ 22, బుధవారం

నోరు నిజాయితీగా ఉంది. అంటే దొంగ చెయ్యే.

ఏప్రిల్ 24, శుక్రవారం

దొయికి ఫోన్ చేసి చారు సంగతి చెప్పాను. "హరుయో, నీ నాలుకకి రిటైర్మెంట్ వచ్చింది తల్లీ, ఆ పిల్లని వదిలెయ్" అన్నాడు. యాభై ఏడేళ్లకి నాలుక రిటైరవదు. అయితే హిరాగా చారు మాత్రం ఎలా రుచిస్తోంది? అదే అడిగాను. అప్పుడు నవ్వు ఆపాడు. నిజంగా ఏమైనా కలుపుతుంటే ఊరుకోకు, ఇవాళ చారులో వేలు పెట్టినవాళ్లు రేపు ఎక్కడ పెడతారో తెలియదు అన్నాడు. హోమ్‌లో రాత్రి పాలల్లో నిద్రమందు కలిపేవాళ్లు. అది మేమిద్దరం మర్చిపోలేదు.

ఏప్రిల్ 28, మంగళవారం

కుర్చీని వంటగది గుమ్మానికి అడ్డంగా పెట్టించి కూర్చున్నాను. వంటగది ఎంత ఇరుకంటే ఆమె పొయ్యి దగ్గర నిలబడితే నాకు కనిపించేది వీపే. ఇటు తిరిగి కలపమన్నాను. తిరిగింది. గిన్నె కనిపించేలా పట్టుకోమన్నాను. పట్టుకుంది.

చారు అద్భుతంగా ఉంది.

రెండో గుక్కకే దగ్గు. ఎంత దగ్గంటే మకితా చెంచా కింద పెట్టి, చెయ్యి నా వీపు దాకా తెచ్చి, అక్కడే ఆపేసింది. నేను చెప్పలేదు కదా, అందుకని. ఆ చెయ్యి నా వీపుకి తగలకుండా గాల్లోనే ఉండిపోయింది.

తగ్గాక నాకు సంతోషం వేసింది. దొంగ దొరికినట్టే.

మే 1, శుక్రవారం

మకితా ఏప్రన్ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. జేబులు చూడమని హిరాగాకి చెప్పాను.

 అది ఆమె జేబు కదా అంది హిరాగా. ఆమె నా చేతులు, నా చేతుల జేబు నేను చూసుకోకూడదా అన్నాను. హిరాగా ముఖం చిట్లించుకుని చెయ్యి పెట్టింది. రుమాలు, దగ్గు బిళ్లలు, చిన్న చిన్న పొడి ప్యాకెట్లు. ప్యాకెట్ మీదున్నది చదివి వినిపించింది.

మింగలేని ముసలివాళ్లకి టీలోనూ చారులోనూ కలిపే పొడి. పల్చటిది చిక్కబడుతుంది, గొంతులోకి మెల్లగా దిగుతుంది. రుచిని చంపేస్తుంది.

మింగలేని ముసలివాళ్లకి!

హిరాగా అన్నీ మళ్లీ జేబులో పెట్టేసింది. వెళ్లేటప్పుడు తన ఏప్రన్ మడిచి సంచిలో వేసుకుని వెళ్లింది. ఎప్పుడూ ఇక్కడే వదిలేసి వెళ్లేది.

మే 4, సోమవారం

మకితా గుమ్మం దాటి లోపలికి రాగానే అడిగాను. దాచలేదు. వచ్చిన రెండో వారం నుంచీ చారులోనూ టీలోనూ కొద్దికొద్దిగా కలుపుతోందట. పల్చటివి తాగినప్పుడు నా గొంతు ఆలస్యంగా లేస్తోందట. ఆ లోపు కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారుతోందట. అందుకే దగ్గట.

నన్నెందుకు అడగలేదన్నాను.

"అడిగితే వద్దంటారు" అంది.

ఇంతకన్నా పచ్చిగా ఎవరు చెబుతారు! వద్దంటానని తెలుసు, తెలిసే చేసింది. హోమ్‌లో వాళ్లూ ఇంతే. నీకు మంచిదని, నువ్వు వద్దంటావు కాబట్టి, చెప్పకుండా. నేను అరిచాను. అరిస్తే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, కాళ్లు కుర్చీని తన్నేస్తాయి. ఆమె కదలకుండా నిలబడింది. అంతా అయ్యాక, పొడి పారెయ్యమంటారా అని అడిగింది. పారెయ్యమన్నాను. నేను చూస్తుండగా చెత్తబుట్టలో వేసింది.

దొయికి ఫోన్ చేసి చెబితే వెంటనే మనిషిని మారుస్తానన్నాడు. సాయంత్రం తనే ఫోన్ చేసి, ఈ నెలాఖరు దాకా మనుషులు లేరు, ఓర్చుకో అన్నాడు.

మే 7, గురువారం

చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. ఒక్క మాట ఎక్కువ లేదు. నేను దగ్గుతాను, ఆమె ఆగుతుంది. నేను నోరు తెరుస్తాను, ఆమె చెంచా పెడుతుంది. ఇదే కదా నాకు కావలసింది.

మే 11, సోమవారం

నన్ను చూసి లోపల నవ్వుకుంటోందా? చూశావా, నేను చెప్పలేదా అని? ముఖం చూస్తే ఏమీ తెలియదు. ఇప్పుడు గొంతు కేసి చూడటం కూడా మానేసింది. కిటికీ కేసి చూస్తూ తినిపిస్తోంది. అయినా నేను మింగినప్పుడల్లా ఆమె గొంతు కదులుతూనే ఉంది. అది మాత్రం ఆమె చేతిలో లేనట్టుంది.

మే 15, శుక్రవారం

చారు బాగుంది. తినాలని లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. హిరాగాకి చెప్పలేదు.

మే 18, సోమవారం

చలి. కాలు వణుకుతోంది, అక్షరాలు తప్పుతున్నా

జూన్ 7, ఆదివారం

ఇల్లు. నిమోనియా. మూడు వారాల మంచం. వేలు మొద్దుబారింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాను. ఇవాళ ఎంత రాయగలిగితే అంత రాస్తాను, లేకపోతే జరిగింది ఒకటి, నాకు గుర్తుండేది ఇంకొకటి అవుతుంది.

ఆ సోమవారం మకితానే అంబులెన్స్ పిలిచింది. పిలవనా అని అడిగింది. నేను తల ఊపానంటుంది. నాకు గుర్తు లేదు. ఊపానో, వణికానో.

హాస్పిటల్లో గొంతు స్కానింగ్ తీశారు. చారులా పల్చగా ఉన్నవేవీ సరైన దారిలో వెళ్లడం లేదట. పొట్టకి రంధ్రం చేసి ట్యూబు పెడతామన్నారు. నోటితో తినడం పూర్తిగా బంద్. ట్యూబు పెట్టుకున్నవాళ్లని ఇంట్లో ఒక్కరినే ఉంచడం కష్టం, ఎక్కడైనా చేర్పించడం మంచిదని నర్సు మెల్లగా అంది. ఎక్కడైనా అంటే ఎక్కడో నాకు తెలుసు. ఆ పక్క మీద పడుకుని ఉంటే కొండ మీది హోమ్ వాసన ముక్కుకి తగిలింది. ఉడికిన క్యాబేజీ, తడిసిన పరుపులు. భయం వేసింది. మామూలు భయం కాదు.

పోయిన మంగళవారం మీటింగ్ పెట్టారు. డాక్టరు, నర్సు, నేను. దొయికి జలుబు చేసిందని వార్డులోకి రానివ్వలేదు. నా మాట అర్థమయ్యేది ఆ గదిలో మకితా ఒక్కదానికే. నెలాఖరుకి మారాల్సిన మనిషి, నేను మంచాన పడ్డానని ఎవరూ మార్చలేదు. అంటే నా ఇల్లు, నా తిండి, మిగిలిన నా బతుకంతా ఇప్పుడు ఈ మనిషి నోట్లో ఉంది. ఎవరి నోట్లో పెట్టాడ్రా దేవుడు అనుకున్నాను.

నేను చెప్పాను. ట్యూబు వద్దు. మకితా చెప్పింది, ట్యూబు వద్దంటున్నారు. నోటితోనే తింటాను, ఇంట్లోనే ఉంటాను. అదీ చెప్పింది. ఆ పొడి కూడా వద్దు, చారు చారులాగే తాగుతాను, పోతే పోతాను, అందులో ఎవరి పూచీ లేదు అన్నాను.

మకితా ఏమీ చెప్పలేదు.

డాక్టరు చూస్తున్నాడు. నేను మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా, ఇంకా వంకరగా. ఏమంటున్నారని డాక్టరు అడిగాడు.

"ఇంకో మాట అన్నారు. అది నేను చెప్పను" అంది మకితా.

ఇన్నేళ్లలో నా చేతులు నాకు ఎదురు తిరగడం అదే మొదలు. పొడి కలిపిన రోజుల్లో కూడా చాటుగా కలిపింది తప్ప, ముఖం మీద కాదనలేదు. నేను ఆమె కేసి అరిచాను. నర్సు కంగారుపడి మంచం కమ్మీ పట్టుకుంది. మకితా వంగి, నా ముఖానికి దగ్గరగా వచ్చి మాట్లాడింది. గొంతు పెంచకుండా తగ్గించకుండానే.

"ఎవరి పూచీ లేదన్నారు. చెంచా పెట్టేది నేనండీ, సెనో గారూ. ఆ చెంచాతో మీరు పోతే, సాయంత్రం నేను ఇంటికెళ్లి ఈ చేత్తోనే బియ్యం కడుక్కోవాలి. ఈ చేత్తోనే ముఖం తుడుచుకోవాలి. ఎవరి పూచీ లేదని నా నోటితో నేను అనలేను. కావాలంటే ఇంకెవర్నైనా పిలిపించి చెప్పించండి."

తర్వాత నిటారుగా నిలబడి, డాక్టరు కేసి తిరిగి, ఇంకాసేపు టైమ్ కావాలంటున్నారు అని చెప్పింది. నేను ఆ మాట అనలేదు. కానీ అనలేదని చెప్పడానికి కూడా ఆమే కావాలి.

అందరూ వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే, సందేహం లేదు. అయితే కోపం ఒక్కటే అయి ఉంటే అంతసేపు ఉండేది కాదు. ఇన్నేళ్లుగా నా ఇంటికి ఎన్నో చేతులు వచ్చిపోయాయి. సాయంత్రం ఏడు గంటల తర్వాత అవి ఎక్కడికెళ్తాయో, ఏం కడుగుతాయో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నా తరఫున ఆలోచించడానికి వాటికి హక్కు లేదు, అది ఇప్పటికీ అంటాను. కానీ వాటి తరఫున అవి ఆలోచించుకుంటే?

మర్నాడు దొయి ఫోన్ చేశాడు. జరిగింది విని మండిపడ్డాడు. ఆ మనిషిని ఇవాళే పంపించేస్తాను, మన మాట ఆపే హక్కు ఎవరికీ లేదు, దానికోసం మనం వానలో రోడ్ల మీద ధర్నాకి కూర్చున్నామని మర్చిపోయావా అన్నాడు. మర్చిపోలేదు. దొయి చెప్పిందాంట్లో ఒక్క మాట తప్పు లేదు. అయినా వద్దన్నాను. ఎందుకో నాకే వెంటనే తెలియలేదు. చెబుతూ చెబుతూ తెలుసుకున్నాను.

"చాటుగా చేసినప్పుడు పంపించేద్దామనుకున్నాను దొయీ. ఇప్పుడు ముఖం మీద కాదంది. కాదన్న మనిషితో పోట్లాడొచ్చు. ఆ పోట్లాట నాకు కావాలి."

 "పోట్లాటకైతే నేను లేనా?" అన్నాడు దొయి.

మకితాతో బేరం ఆ సాయంత్రమే మొదలైంది, నిన్నటి దాకా సాగింది. ట్యూబు లేదు. చారులో పొడి ఉంటుంది, కానీ నా కళ్ల ముందే కలపాలి, ఎంతో నేను చెబుతాను. ఒకే ఒక్క పూట, ఆదివారం మధ్యాహ్నం, పొడి లేని చారు మూడు చెంచాలు. అది వద్దని ఆమె గంటసేపు వాదించింది. వదల్లేదు నేను. నా గొంతు లేవలేదనిపిస్తే చెంచా ఆపే హక్కు ఆమెది. ఎందుకు ఆపిందో నోటితో చెప్పాలి. దగ్గు వస్తే వీపు మీద చెయ్యి వెయ్యడానికి నన్ను అడగక్కర్లేదు. డాక్టరుకి ఇదంతా ఆమే చెప్పింది. ఆయన పెదవి విరిచాడట. ఇది వైద్యం కాదన్నాడట. ఆయన నిజంగా అన్నది ఇంతేనా, ఇంకేమైనా ఉంటే ఈవిడ మింగేసిందా, నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంకో సంగతి తెలిసింది. హాస్పిటల్లో పనిచేసేటప్పుడు ఒక ముసలాయనకి ఈమె గంజి తాగిస్తుండగానే ప్రాణం పోయిందట. ఎవరూ ఈమెని తప్పు పట్టలేదట. "అదే కష్టమైందండీ" అంది. ఇది నిజమో, నన్ను మెత్తబరచడానికో. నిజమే అనుకుంటున్నాను. ఇవాళ్టికి.

ఇంక వేలు లేవడం లేదు.

జూన్ 9, మంగళవారం

చెంచా రెండుసార్లు ఆపింది. మొదటిసారి సరే. రెండోసారి మాత్రం ఊరికే ఆపింది, నా గొంతు శుభ్రంగా లేచింది. చాలాసేపు పోట్లాడుకున్నాం. చారు చల్లారిపోయింది. మళ్లీ వేడి చేయించుకుని తాగాను.

జూన్ 14, ఆదివారం

కాలి వేలు పనిచెయ్యడం లేదు. పాస్‌వర్డు చెప్పాను. ఇది మకితా కొడుతోంది. వెనక రాసినవి చదవనంది. చదివిందో లేదో ఎవరికి తెలుసు. నేను చెప్పింది చెప్పినట్టే కొడుతోందో లేదో కూడా ఎవరికి తెలుసు.

ఇవాళ మధ్యాహ్నం మూడు చెంచాలూ తాగాను. పొడి లేకుండా. దగ్గలేదు.

మూడో చెంచాకి కొంచెం దగ్గారు.

పై వాక్యం నాది కాదు. చదివి వినిపించమంటే వినిపించింది. చెరిపెయ్యనా అని అడిగింది. ఉండనియ్యి అన్నాను.